పేరడగని తలుపు

ఛత్తా బజార్‌లో పొద్దున్నే కటింగ్ మిషన్లు మొదలవుతాయి.
పెళ్లికార్డుల అంచులు
సన్నటి రంగుముక్కలై చెప్పులకు అంటుకుంటాయి.
ఖుద్దూస్ సాబ్ మెట్ల మీదే ఎదురొచ్చాడు:
"రాత్రి దాకా మంచిగుండె మేడమ్,
పొద్దుగాల ఒక్క కంప్యూటర్‌ల కూడా కార్డులు కనబడ్తలేవు."

లోపల మూడు విండోస్ కంప్యూటర్లు,
మూడింటి మీదా ఒకటే ఎర్ర గుర్తు.
అటక మీద సిరా డబ్బాల వెనక
లినక్స్ సర్వర్ మాత్రం
ఏమీ ఎరగనట్టు గుర్రుపెడుతోంది.
పదకొండేళ్ల నిఖాలూ ముహూర్తాలూ
దాని కడుపులోనే.

పింగ్ కొట్టాను, పలికింది.
కేబుల్ బాగుంది. పోర్టు తెరిచే ఉంది.
"సాంబా నడుస్తూనే ఉంది" అన్నాను పైకి.
"సాంబ అంటే శివుడు కదా మేడమ్?" అంది హైమవతి
ఫెవికాల్ వేళ్లు తుడుచుకుంటూ.

ఎర్ర గుర్తు కింది సన్న అక్షరాలు రెండోసారి చదివితే
అప్పుడర్థమైంది.
ఈ సర్వర్ ఇన్నేళ్లూ ఎవరినీ పేరడగలేదు.
వచ్చినవాళ్లందరినీ గెస్ట్ అని రాసుకుని
లోపలికి పంపేసింది.
రాత్రి అప్‌డేట్ అయ్యాక
విండోసే గడప దగ్గర ఆగిపోయింది:
పేరడగని ఇంటికి నేను రాను.

తలుపు తీసే ఉంది.
చుట్టమే అలిగింది.

రిజిస్ట్రీలో ఒక అంకె మారిస్తే పాతలాగే నడుస్తుంది.
చాలామంది అదే చేసి డబ్బులు తీసుకుని పోతారు.
నాకు చేయబుద్ధి కాలేదు.
"మనిషికో పేరు పెడదాం సాబ్. రూట్ పాస్‌వర్డ్ చెప్పండి."

కటింగ్ మిషన్ ఒక్కటే మాట్లాడింది కాసేపు.
"అది రాజలింగానికి తెలుసు."
"ఆయన ఎక్కడ?"
సాబ్ వేలు చూపలేదు.
గడ్డంతో చూపాడు, సందు అవతల, ఎదురు ప్రెస్.

రెండేళ్లయిందట. ఓవర్‌టైమ్ దగ్గర మాటా మాటా.
ఆరడుగుల సందు.

పెన్‌డ్రైవ్‌తో దొడ్డిదారిన పోవడం నాకు వచ్చు.
అయినా సందు దాటాను.
కళ్లద్దాలు నుదుటికి ఎత్తి
వినాయకుణ్ణి కార్డు మూలకు సర్దుతున్నాడు.
"ఇంక బతికే ఉన్నదా అది?
ఫ్యాన్‌ల దుమ్ము కొడ్తున్నరా ఎవలన్న?"
తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు,
"ఎస్ పెద్దది, మిగతాయన్ని చిన్నయి. రాసుకోకుండ్రి."

వచ్చి కొట్టాను. కాదంది.
మళ్లీ కొట్టాను. కాదంది.

మన అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు.
శుభలేఖ మీదైనా చీటీ మీదైనా
క అంటే క.
దీనికి మాత్రం ఆ ఒక్క కొలత తప్పితే
మనిషే వేరు.

ఎట్లా కనిపెట్టాడో,
తన గడప మీద నిలబడి, కిందికి దిగకుండా,
ఆటోల హారన్ల మీదుగా అరిచాడు:
"నడిమిట్ల ఉన్న ఎస్ గూడ పెద్దదే!"

సందంతా విన్నది.
తలుపు తెరుచుకుంది.

హైమవతి, నౌషీన్, సాబ్ కొడుకు హుజైఫా.
ఒక్కొక్కరి పేరు రెండుసార్లు రాశాను,
సర్వర్‌కోసారి, సాంబాకోసారి,
ఒక లెక్క ఇంకోదానికి తెలీదు మరి.
నౌషీన్ తన పాస్‌వర్డ్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.
ఫోల్డర్లు ఒక్కటొక్కటే పసుపుపచ్చగా పైకి తేలాయి.
సాయంత్రానికి నాలుగొందల కార్డులు పోవాలట,
ఎవరూ చప్పట్లు కొట్టలేదు,
కుర్చీలు జరుపుకున్నారు.

జాబితా చివర ఒక పాత పేరుంది.
"ఇది తీసెయ్యనా?"
సాబ్ రసీదు బుక్కులో కార్బన్ సర్దుతున్నాడు.
"జాగ ఎంత తింటది?"
"ఏం తినదు."
"ఉండనీ."

రూట్ పాస్‌వర్డ్ మాత్రం మార్చాను,
సందంతా విన్నది కదా.
కొత్తది ఒక పాడైన కార్డు వెనక రాసిచ్చాను.
మడిచి షేర్వానీ జేబులో పెట్టుకున్నవాడు
మళ్లీ తీసి,
ఎదురు ప్రెస్ వైపు ఓ చూపు చూసి
అడిగాడు,
"దీంట్ల ఎస్ ఉన్నదా?"