ఊదా ఆకు

లిన్ చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉంటుంది.
దిమ్మెను తడతాడు, చెవి ఆనిస్తాడు.
ఖంగుమంటే సరే.
బొద్దుగా పలికితే లోపలెక్కడో వెంట్రుకవాసి పగులు.
ఎర్ర సుద్దతో ఇంటూ కొట్టి పక్కకు పోతాడు.
పోయినేడు నేను బాగున్నాయన్న దిమ్మెలు మూడు
ఆ ఇంటూ గుర్తుతోనే
గంగాధర నెల్లూరు రోడ్డు పక్కన ఇంకా ఎండుతున్నాయి.

ఈసారి చిత్తూరు నుంచి పోతా పోతా
కాయితంలో చుట్టిందొకటి నా చేతిలో పెట్టినాడు.
"పిడక మాదిరి ఉండాదే" అంది దేశమ్మ, వాసన చూసి.
అతని మాట ఫోను తెలుగులో చెప్పింది:
"కొండ టీ. ఊదా ఆకు. పాలు వద్దు."

దేశమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయ ఏరే మనిషి.
వేలితో నొక్కి పులుపు చెబుతుంది.
ఊదా అంటే నమ్మలేదు. నల్లగా కదా ఉండాది అంది.
కిటికీ కాడికి తీసుకుపోతే అప్పుడు కనపడింది
కృష్ణ తులసి ఎండినప్పటి రంగు,
చెరుకు గణుపు కింద దాక్కునే రంగు.

పగలగొట్టడం నా వంతు.
సుత్తి వద్దనుకున్నా.
రాయికే వాటం ఉంటుందే, ఆకుకు ఉండదా?
అంచు వెంబడి వేలు నడిపి
సందు దొరికిన చోట స్క్రూడ్రైవరు దూర్చి
నిదానంగా తిప్పితే
పొరలు పొరలుగా విడింది.

మొదట బోరు నీళ్ళతో కాచినాం,
గిన్నెకు తెల్ల పెచ్చు కట్టే మా మురకంబట్టు నీళ్ళు.
సిరాబుడ్డి కడిగిన రంగు వచ్చింది.
అలవాటు పడిన చెయ్యి ఊరుకోదు కదా,
దేశమ్మ గరిటెడు పాలు పోసేసింది.
పాలిష్ మిషను కింద కాలవలో పారే బురద
అచ్చం అదే.
ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి, పారబోసినాం.

రెండోసారి క్యాను నీళ్ళు.
తెర్లకముందే దించినాం.
మొదటి తడుపు వంచేయమన్నాడు లిన్,
బియ్యం కడుగు మాదిరి.
వంచింది గానీ
కరివేపాకు మొక్క మొదట్లో వంచింది.

గాజు గ్లాసు మా ఇంట్లో ఒక్కటే.
ఆమె ఒక గుక్క, నేనొక గుక్క.
నేరేడు తిన్న నాలుక ముడుచుకున్నట్టు వగరు,
వెనకాలే చేదు.
పులుపు చెప్పే మనిషి
కళ్ళు మూసుకుని చాలాసేపు ఏమీ చెప్పలేదు.
"ఉసిరికాయ నమిలి నీళ్ళు తాగితే
వస్తుంది చూడు, ఆ తీపి.
అది వస్తా ఉండాది" అంది.
నాకు రాలేదు.
నా నాలుక మీద పందొమ్మిదేళ్ళ రాతిపొడి.
దాన్ని దాటుకుని ఏదైనా రావాలంటే టైము పడుతుంది.

మూడోసారి పోసింది. నాలుగోసారి.
నిమ్మచెక్క పిండితే గ్లాసంతా గులాబీరంగు తిరిగి
చప్పట్లు కొట్టింది, యాభై ఏళ్ళ మనిషి.
ఐదోసారి పోసేసరికి కరెంటు పోయింది.
ఆ చీకట్లో
గొంతు వెనకాల ఎక్కడో
కొంచెం.
తీపేనని ఒట్టేసి చెప్పలేను.

కరెంటొచ్చినాక అడుగున మిగిలిన ఆకు విప్పి చూసినా.
మెత్తబడి, పచ్చబడి,
ఈనె ఒక్కటే ఇంకా ఊదాగా.
ఖాళీ గ్లాసును గోరుతో తట్టి
చెవి ఆనించినా.

"ఏం చేస్తా ఉండావు?" అంది దేశమ్మ,
మళ్ళీ నీళ్ళు పెడతా.