ఆయితారం తొవ్వ

నాకు గేర్ల సైకిలు లేదు.
గేర్లు సదిరేది మాత్రం నేనే,
హన్మకొండ చౌరస్తా ఎనుక, గాలి పంపు కాడ, పదారేండ్ల సంది.
ఒకనాడు చైను ఏయించుకుంట నుస్రత్ మేడమ్ అడిగింది:
"యాకయ్యా, ఆయితారం గుట్టకొస్తవా? తొవ్వ తియ్యాలె."
కూలెంత అనబోయి
ఎందుకో నాలుక మడత పెట్టుకున్న.

ఇనుపరాతి గుట్టల మొదట్ల
మోదుగలు ఇంకా పూయలే. చలి.
పది మందిమి.
కాజీపేట డీజిల్ షెడ్డుల రిటైరైన ఇన్నయ్య సారు,
ఆయనకన్న పాతది ఆయన గడ్డపార.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ దిగి అట్నే వచ్చిన మెర్సీ.
చెప్పులతోనే వచ్చిన కాలేజీ పోరగాండ్లు ఇద్దరు,
పదింటికి వాళ్ళ చేతులు బొబ్బలెక్కినయ్,
పదకొండింటికి పగిలినయ్.
బీట్ ఆఫీసర్ కొమురెల్లి కాయితం తీసి చదివిండు:
"చెట్టు కొట్టొద్దు. సిమెంటు పొయ్యొద్దు.
మూడు ఫీట్లు దాటొద్దు.
ఇది ఎవ్వల సొంతం కాదు, పైలం."
ఆ ఆఖరి ముక్క కాయితంల లేదని
నాకు తర్వాత తెలిసింది.

నుస్రత్ మేడమ్ చేతుల సగం నింపిన నీళ్ళ సీసా.
అడ్డంగ పట్టి, లోపలి గీతను చూసుకుంట
కొమ్మకొమ్మకు ఎర్ర పీలికలు కట్టుకుంట పోయింది.
"మనకన్న ముందు ఈ తొవ్వ ఎక్కేది నీళ్ళు.
వాటిని పక్కకు దింపితేనే మనం నిలుస్తం."
మాకు సగమే సమజైంది.
సగం సమజుతోనే మూడు ఆయితారాలు తవ్వినం.

నాలుగో ఆయితారం
ఎర్ర పీలిక ఒకటి గుంజి చేతుల పట్టుకొని
ద్వాలి ఎదురొచ్చింది, ఎనుక నలభై మేకలు.
"ఎవడు కట్టిండు దీన్ని?
ఈడ వాన మర్లుతది."
ఎండుటాకుల కింద మడిమెతో గీకింది.
ఇసుక. సన్నగ, కడిగిన ఇసుక.
పోయిన వారం అక్కడ్నే రాళ్ళు పేర్చి మూల తిప్పి
మేం చప్పట్లు కూడ కొట్టుకున్నం.

ఇన్నయ్య సారు టోపీ తీసి నెత్తి గోక్కున్నడు.
"మ్యాపుల వాగు లేదాంటీ" అన్నడు పోరడు.
"నీ మ్యాపు ఎన్ని ఆనకాలాలు చూసింది?"

పేర్చిన రాళ్ళు పేర్చినట్టే తీసినం.
తవ్విన మట్టి తవ్విన కాడ్నే పోసి ఆకులు పరిసినం.
చేసిన పని చెయ్యనట్టు చేసుడు
చేసుడుకన్న బరువు.
మెర్సీ ఒక్కతే నవ్వింది,
"కట్లు విప్పుడే కదా రోజూ నా పని."

ద్వాలి ముందట నడిచింది. సీసా లేదు, కొలత లేదు.
మేక గిట్ట జారని కాడల్ల పీలిక కట్టమన్నది.
మొర్రి చెట్టు కాడ ఆగింది.
"దీన్ని సుట్టు తిరిగి పోండ్రి. వీటి కాయలు నావి."
ఎవ్వల సొంతం కాదన్న కొమురెల్లి
మొగులు దిక్కు చూసిండు.
అందుకే అక్కడ తొవ్వ వంకర.

ఎండలు ముదిరినంక పొద్దు పొడవక ముందే ఎక్కి
తొమ్మిదింటికి దిగెటోళ్ళం.
పదిమందిమి ఆరుగురమైనం, ఓసారి ముగ్గురమే.
తునికాకు ఏరెటోళ్ళు తట్టలు దించి
మా పని చూసి, ఏం రాదా పైసలు, అని అడిగి
చుట్ట కాల్చుకొని పోయిండ్రు.

మిరుగు వాన పడ్డ రాత్రి నిద్ర పట్టలే.
పొద్దుగాల షాపు తెరవకుండ పోయిన.
పాత మూల కాడ నీళ్ళు
మోకాటి మందం, ఎర్రగ, ఉరుకుతున్నయ్.
కొత్త తొవ్వ మీద ఉట్టి తడి.
ఇట్లెక్కి అట్ల దిగి పోయినయ్,
చాయ్ కూడ తాగని చుట్టం లెక్క.

అప్పుడెక్కిన, నా పాత సైకిలే,
క్యారేజీ మీద పానలు గలగలమనుకుంట.
మొదటి టైరు నాదే అనుకున్న.
మొర్రి మలుపుల చూస్తే మెత్తటి మట్టి నిండ
గిట్టలు, గిట్టలు, వాటి నడుమ ఒక బోడి పాదం.
కాయలైపోయి చెట్టు ఖాళీగున్నది.

అక్కడ్నే చైను ఊడింది.
ఊరందరి చైన్లు బిగించెటోని చైను.
బండ మీద కూసొని ఏసుకున్న,
తొందర లేదు.