పొత్తు కాగితం

ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డుల దుకాణాల వెనక
మెట్ల కింద గది.
కరెంటు మీటరు మీద పిల్లి,
దాని కింద ముస్తఫీజ్ సాబ్
మోకాళ్ల మీద కాగితాల దొంతర పెట్టుకొని
దారానికి మైనం రాస్తున్నాడు.

నా సంచిలో పద్నాలుగు అట్టలు.
'ళ' ఒక్కటే నిండా పరుచుకున్నదొకటి,
'ఱ'ని బండిచక్రంలా తిప్పిందొకటి.
ఉద్యోగం మానేసి ఏడాదిగా గీసినవి.

అంతకు ముందురోజే మాదాపూర్‌లో
అద్దాల గదిలో ఒకాయన
వాటిని పేకముక్కల్లా పరిచి చూసి
"బాగున్నాయండీ, నెలకు అయిదు వేల కాపీలు తీసుకుంటాం.
కింద మీ పేరొక్కటీ తీసేద్దాం" అన్నాడు.
కాఫీ ఇప్పించాడు. మంచి కాఫీ.
లిఫ్టు దిగేదాకా సరేనందామనే ఉంది నాకు.

సాబ్ బొమ్మలు చూడలేదు.
అట్టని తిప్పి వీపు చూశాడు,
వంచి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.
"బొమ్మ మంచిగనే ఉంది బేటీ.
గానీ మడత కాడ పగుల్తది.
గీసేటప్పుడే మడత యాదికుండాలె."
ఏడాదిలో ఎవరూ చెప్పని మాట.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందే" అని
శకుంతల పిన్ని ఫోన్లో హెచ్చరించింది.
నిఘంటువు తీశాను.
పొత్తుకి పక్కింట్లోనే ఉంది పొత్తం.
ఇద్దరూ చుట్టాలో కాదో పండితులు తేల్చుకోనీ,
ఆ రాత్రికి నాకు ఆ ఇరుగుపొరుగు చాలు.

వంద రూపాయల బాండు పేపరు.
అరవై నాకు, నలభై ఆయనకు.
మార్జిన్లు చక్కగా పెట్టి నేనే టైపు చేశాను,
లాభం అన్న మాట ఏడుసార్లు వచ్చింది.
సాబ్ ఉర్దూలో కుడి నుంచి సంతకం పెట్టాడు,
నేను ఎడమ నుంచి.
చోటు చాలక
మధ్యలో ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

మొదటి ఆర్డరు బంజారాహిల్స్ హోటలు వాళ్లది,
మూడు వందల పుస్తకాలు.
జులై. పొద్దుట్నుంచీ ముసురు.
లకడీకాపూల్ దగ్గర ట్రాలీ మీది టార్పాలిన్ లేచిపోయింది.
రెండు వందల పన్నెండు
పూరీల్లా ఉబ్బాయి.
హోటలు వెనక తలుపు దగ్గర్నుంచే తిప్పి పంపారు.

గదిలో అరుచుకున్నాం.
బంక సరిగా ఆరలేదన్నాను నేను.
చవక అట్ట తెచ్చింది నువ్వేనన్నాడు.
ఆటో మాట్లాడిందెవరు, తాళ్లు కట్టిందెవరు.
పిల్లి మీటరు దిగి బజార్లోకి పోయింది.

అప్పుడు డబ్బాలోంచి బాండు పేపరు తీసి
నా ముందు పెట్టాడు.
"నాకు తెలుగు చదవరాదు.
నుక్సాన్ గురించి ఏడ రాసినవో
చదివి చెప్పు."
చదివాను.
వెనక్కి తిప్పి కూడా చూశాను.
ఎక్కడా లేదు.

అడుగున అరంగుళం జాగా మిగిలి ఉంది.
చెరిసగం అని రాయబోతే చెయ్యి పట్టి ఆపాడు.
"అరవై తినేటోళ్లు అరవై మొయ్యాలె."
కడుపులో మండింది.
రాశాను.
అక్షరాలమ్ముకొని బతికేదాన్ని,
ఆ ఒక్క వాక్యం వంకరటింకరగా వచ్చింది.

ఉబ్బినవి పారెయ్యలేదు.
మూడేళ్లుగా మా లెక్కలు వాటిల్లోనే.
తెరిస్తే అప్పడంలా చప్పుడు.
ఆయన ఆ చివర్నుంచి, నేను ఈ చివర్నుంచి
రాసుకుంటూ వస్తాం.
కలిసే పేజీ దగ్గర
ప్రతిసారీ పదో పదిహేనో తేడా వస్తుంది.
ఇరానీ చాయ్ తెప్పించి
మళ్లీ మొదట్నుంచి కూడుతాం.