తూకాలవాడి జవాబు

మాంటెవీడియో నుంచి వచ్చింది ఆ పిల్ల, లుక్రేసియా.
మెడలో గుర్తింపు కార్డు, ఒళ్ళో ట్యాబ్,
అందులో నలభై రెండు ప్రశ్నలట.
నా కొట్టు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని
ముప్పై ఏడోది అడిగింది:
"అతాలిబా గారూ, బతుకు ఎక్కడ బాగుంటుంది?
ఇటా, అటా?"

అటంటే బ్రెజిల్.
అటంటే వీధి దాటడం, అంతే.
మా రివేరాలో సరిహద్దుకు ముళ్ళకంచె లేదు.
ఒక పార్కు, నాలుగు బెంచీలు,
తల ఉరుగ్వేలో, తోక బ్రెజిల్లో పెట్టి
ఎండకు పడుకునే కుంటికుక్క.

నేను తూకాలు బాగుచేసేవాణ్ణి. నలభయ్యేళ్ళుగా.
కసాయి తూకం, కంసాలి తూకం,
ఆస్పత్రిలో పసికందుల్ని పడుకోబెట్టి తూచే తూకం.
పోల్చమని ఎవరైనా అంటే చాలు,
చేతులు స్క్రూడ్రైవర్ కోసం తడుముకుంటాయి.

రాసుకో తల్లీ.
అటు గ్యాస్ బండ చవక. బియ్యం చవక. సబ్బు చవక.
ఇటు జీతం బరువు,
జేబులోంచి దిగేటప్పుడూ అంతే బరువు.
ఇటు బడిలో నా మనవడికి చిన్న కంప్యూటర్ ఇచ్చారు, ఊరికే.
అటు నా తమ్ముడి మనవరాలికి
నల్ల చిక్కుళ్ళూ అన్నం పెడతారు బళ్ళో,
మారు అడిగితే మారు వడ్డిస్తారు.
దానికి కంప్యూటర్ కావాలి, వీడికి చిక్కుళ్ళు కావాలి.

తమ్ముడంటే గుర్తొచ్చింది.
మేమిద్దరం ఒకే వంటింట్లో పుట్టాం.
మా నాన్న నన్ను ఇటు రాయించాడు, వాల్దీర్ని అటు రాయించాడు,
ఏ దేశం మునిగినా ఒకడు తేలతాడని.
ఇప్పుడు ప్రతి ఆదివారం
ఒకే సొరకాయ బుర్రలోంచి మాతే పీలుస్తూ
నీ దేశమే నయమంటే నీ దేశమే నయమని
గొంతులు చించుకుంటాం.
మా మరదలు కిటికీలు మూసేస్తుంది.

"ఒకటి నుంచి పదిలో ఎంత?" అంది పిల్ల.
ఆగు.

నా జుల్మీరాకి ఒక రాత్రి ఊపిరి అందలేదు.
ఇటు ఆస్పత్రి పదకొండు వీధులు, అటుది నాలుగు.
తూకాలు మోసే తోపుడుబండి మీద పడుకోబెట్టి
పార్కు మధ్యలోంచి తోశాను.
ఎడమ చక్రం కీచుమంటూనే ఉంది, దారి పొడుగునా.
గడ్డమైనా సరిగ్గా రాని డాక్టరు
ఏ దేశం అని అడగలేదు.
పేరేమిటి అన్నాడు.
పేరు చెప్పేలోపే ముక్కుకి గొట్టం పెట్టేశాడు.

తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది మనిషి.
ఆ తొమ్మిదేళ్ళ మందులూ ఇటు పెన్షన్తోనే కొన్నాం,
ఒక్క నెలా తప్పలేదు.
ఇప్పుడు చెప్పు,
ఆ తొమ్మిదేళ్ళు ఏ గడిలో వేస్తావు?

"అలాంటి గడి లేదండీ" అంది.
నిజాయితీ గల పిల్ల.

నేనూ ఒక నిజం చెప్పాను.
కుర్రతనంలో ఒక కసాయి అడిగితే
ముల్లుని పది గ్రాములు ముందుకి నెట్టాను.
ఎవరూ పట్టుకోలేదు.
అప్పట్నుంచీ, ఎంత సరిచేసినా,
నా చేతిలో ఉన్న తూకం నా వైపు
వెంట్రుకవాసి మొగ్గుతోందనే అనుమానం.
ఫుట్‌బాల్ ఉన్న రాత్రి అది అనుమానం కూడా కాదు.

ఆమె ట్యాబ్ అడిగి తీసుకుని పళ్ళెంలో పెట్టాను.
ఆరువందల ఇరవై గ్రాములు.
నలభై రెండు ప్రశ్నలతో సహా.
తీశాక ముల్లు వెనక్కొచ్చింది,
సున్నా దగ్గరికి కాదు, దానికి రెండు గీతలు ఇవతలికి.
"ఏం పెట్టకుండానే ఇంత చూపిస్తోందే!"
గాలి, అన్నాను. లేకపోతే దుమ్ము.
ముందు ఇది చూసుకోవాలి తల్లీ,
ఆ తర్వాతే వంకాయలైనా, దేశాలైనా.

పొద్దు వాలింది. ఆమె బస్సుకి వేళయింది.
పోనీ, ఏడు వేసుకో అన్నాను.
"ఎవరికి?"

అప్పటికే వీధి దాటి వస్తున్నాడు
అటువైపు కసాయి దెయోక్లేసియో,
చెడిపోయిన తూకాన్ని
నిద్రపోతున్న బిడ్డలా భుజాన వేసుకుని,
కుక్కని తొక్కకుండా చూసుకుంటూ.