కొమ్ముల గ్రౌండు

రికార్డుల్లో దీనికి మూడు పేర్లు.
మొదటిది ఎవరో రైల్వే దొరది, రెండోది ఒక మేయరుది,
మూడోదానికి బోర్డు మీద ఇంకా రంగు ఆరలేదు.
పెరంబూరు లోకో లైన్ల వెనక, మా వీధిలో మాత్రం
కొమ్ముల గ్రౌండే.
రెండు కొసల్లోనూ రగ్బీ స్తంభాలు,
దున్నపోతును నిలువునా పూడ్చేసి
కొమ్ములు మాత్రం పైకి వదిలేసినట్టు.

అంతకుముందు ఇది చెరువు.
ఇంజన్ల బొగ్గుబూడిద పోసి పోసి పూడ్చారు.
ఇక్కడ జారిపడ్డవాడి మోకాలు చూడండి,
నెత్తురు కింద సన్నగా నలుపు.

మా తాత పెంచలయ్య
నెల్లూరు పక్క సున్నపుబట్టీ మానేసి రైలెక్కాడు.
సున్నం తెలిసినవాడు కావాలన్నారట.
గోడలకనుకున్నాడు.
నేలకన్నారు.

శనివారం దొరలు కోడిగుడ్డు బంతి ఆడేవాళ్లు,
చంకన పెట్టుకుని దొంగల్లా పరుగు.
ఆదివారం వర్క్‌షాపు ఫిట్టర్లది గుండ్రటి బంతి,
చెయ్యి తగిలితే తప్పు.
నేల ఒకటే. నిన్నటి పుణ్యం ఇవాళ పాపం.
రెండు ఆటలకీ గీతలు తాతే గీయాలి.
ఫుట్‌బాల్‌కి తెల్ల సున్నం,
రగ్బీకి అందులోనే గుప్పెడు నీలిమందు,
ఇస్త్రీ బండి మునెమ్మ దగ్గర అరువు.
ఒక మసక సాయంత్రం నీలం కనపడక
ఒక దొర ఆరు గజాల ముందే బంతిని నేలకానించి
గెలిచానని కేకలు పెట్టాడట.
తాత పోయేదాకా ఆ కథకు నవ్వాడు.
ఆ నెల జీతంలో కోత పడిందని
చెప్పింది మాత్రం అవ్వ.

యుద్ధమొచ్చింది. గ్రౌండు నిండా గుడారాలు,
కొమ్ములకు దండెం కట్టి చొక్కాలారేశారు.
దొరలు వెళ్లిపోయారు.
స్తంభాలు పీకెయ్యమని కాగితమొచ్చింది.
తాతకు చదువు రాదు, చదివే గుమాస్తా సెలవు.
ఏడాదికి ఇంకో కాగితం, ఉంచమని.

తర్వాత సర్కసు, మీటింగులు, మళ్లీ ఫుట్‌బాల్.
ఒక తుఫాను రాత్రి గ్యాలరీ కింద మూడు వీధుల జనం.
మస్తానమ్మత్తకు బట్టలు మార్చుకునే గదిలో కానుపు.
ఆ పిల్లాడికి ఇప్పుడు యాభై దాటాయి,
ఇంకా రెఫరీ అనే పిలుస్తాం.

రోలరు తాత ఎడమ పాదాన్ని నలిపింది ఎప్పుడో
సరిగ్గా ఎవరికీ తెలీదు.
టేపు లేని మనిషి. అడుగులే కొలత.
ఆ తర్వాత ఆయన గజాలు కూడా కుంటాయి.
నాన్నా నేనూ ఆ మేకుల మీదే తాడు లాగాం.

పెద్ద వానల ఏడు, చెరువు తన చిరునామా మర్చిపోలేదని తెలిసింది.
గోలు వల సగం దాకా నీళ్లు,
కొమ్ము మీద ఒక కొంగ,
రెండు రోజులు ఏ ఆటకీ చెందకుండా.

గడ్డి తీసేసి పచ్చ తివాచీ పరిచే ముందు
లేజరు పెట్టి చూసిన కుర్రాడు అన్నాడు:
“ఆగ్నేయం మూల రెండడుగులు తక్కువ. ఎన్నాళ్ల నుంచి?”
నేను లెక్క చెప్పలేదు.
ఆ రెండడుగుల్లో ఎన్ని బంతులు బయటికి పోయాయో,
ఎన్ని జట్లు తమ కాళ్లను తిట్టుకుంటూ
నలభై రెండో నంబరు బస్సెక్కాయో.

ఇప్పుడు గీతలు తివాచీలోనే నేసుకొచ్చారు.
ఫుట్‌బాల్‌కి తెలుపు.
రగ్బీకి నీలం, ఎవరూ చెప్పకుండానే.
నాకు మిగిలిన పని, మేకు బూట్లవాళ్లను గేటు దగ్గర ఆపడం.

తూర్పు గ్యాలరీ వెనక కాస్త మట్టి మిగిలింది.
వ్యాసర్పాడి ఆడపిల్లలు అక్కడ
కోడిగుడ్డు బంతి ఆడతారు, లోపల గంటకు అద్దె కట్టలేక.
గీతలు గీసిపెట్టన్నా, అంది జెసింత.
షెడ్డు తెరిచాను. సున్నం గడ్డకట్టింది.
నలగ్గొట్టి, నీలిమందు కలిపి,
ఎడమ పాదం కాస్త ఈడ్చి నడిచాను.

జెసింత అడుగులేసి చూసింది.
“అన్నా, ఈ పక్క తక్కువుంది.”
బస్తా మూతి కడుతున్నాను.
“ఉంటుందిలే. ఆడు.”