మూడు పంక్తుల్లో

ఈ వారం నా వంతుకొచ్చిన మాట: స్మగ్.
మూడు పంక్తుల్లో తేల్చమన్నాడు ఆల్డర్సన్.
మా నిఘంటువు గదిలో
హీటర్ పక్క కుర్చీ ఆయనది.

తలుపేసుకుని పలికి చూశాను.
మ్ దగ్గర పెదవులు మూతపడతాయి,
గ్ దగ్గర గొంతులో గుటక పడుతుంది.
మధ్యలో ఉన్నదేదో
ఎవరికీ పెట్టకుండా మింగేశాం.

గర్వం కాదిది. గర్వం చప్పుడు చేస్తుంది,
మీసం మెలేస్తుంది, నలుగుర్నీ పిలుస్తుంది.
పొగరూ కాదు, పొగరుకి ఎదుటివాడు కావాలి.
దీనికి ఎవరూ అక్కర్లేదు.
చూసేవాళ్ళుంటే మాత్రం కాదనదు.

పాత చీటీలు తిరగేస్తే
నాలుగొందల ఏళ్ళ కిందట దీనర్థం
శుభ్రంగా, నున్నగా, తల దువ్వుకుని ఉండటం.
అప్పటికి మచ్చ లేని మాట.
ఏ రోజున చెడిందో ఏ చీటీ చెప్పదు.

శనివారం డర్హమ్‌లో బస్సెక్కి
గని మూతపడ్డ ఓ ఊళ్ళో దిగాను.
క్లబ్బులో లీక్‌ల పోటీ.
ఉల్లికాడకి పెద్దన్నలు, ముంజేతంత లావు,
నల్ల గుడ్డ మీద పడుకోబెట్టారు
తలంటి పొడరు రాసిన పసివాళ్ళలా.
పాత అర్థంలో స్మగ్ అంటే ఇవే.

కప్పు తొమ్మిదోసారీ విల్ఫ్ హెస్లప్‌కే.
ఎగరలేదు, అరవలేదు.
తుడవనక్కర్లేని కప్పుని టోపీతో తుడిచి
"ఏదో, వాన కలిసొచ్చింది" అన్నాడు.
వాన అందరి పెరట్లోనూ పడింది.
ఆ "ఏదో"లో ఉన్నాయి నా మూడు పంక్తులూ.

రెండో బహుమతి డోరీన్ టెయిట్
తన లీక్‌లని అప్పుడే సూప్‌కి తరిగేస్తోంది.
కత్తి చప్పుడు
కూరకి కావలసినదానికన్నా ఎక్కువ.

గోడవారగా నిలబడి రాసుకున్నాను:
తెలివో, మంచితనమో, అదృష్టమో
తనకి చాలినంత ఉందని, పక్కవాడికి లేదని
నోరు తెరవకుండా తెలియజేసే తృప్తి.
ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.
పెన్నుకి మూత పెట్టాను. టిక్కుమంది.

"ఏంటమ్మా, నీకూ వచ్చిందా కప్పు?"
సూప్ గిన్నె చేతికిస్తూ డోరీన్.
పెదవులు తడుముకున్నాను.
మూసే ఉన్నాయి,
ఓ పక్కకి కాస్త పైకి లేచి.

సూప్ వేడిగా ఉంది. ఉప్పు తక్కువ.
తక్కువని ఆమెకి చెప్పలేదు.
చెప్పనందుకు నన్ను నేను
ఒకసారి మెచ్చుకున్నాను కూడా.

సోమవారం, వాడుకకి ఉదాహరణగా
ఆ గిన్నె సంగతి రాసిచ్చాను, నా పేరుతోనే.
ఆల్డర్సన్ నా పేరు కొట్టేసి
"ఒకావిడ" అని దిద్దాడు.
దిద్ది,
కుర్చీ కాస్త వెనక్కి వాల్చాడు.