పంటు మీద పసుపు గీత

సఖినేటిపల్లి రేవులో బళ్ళు ఎక్కించే పని నాది.
కారుని మొహం చూసి గుర్తుపట్టను.
బల్ల ఎక్కేటప్పుడు కడుపు చూసి చెబుతాను.

వెనకటి కార్లకి పొట్ట నేలకే ఉండేది.
బల్ల అంచుకి గీసుకుని కీచుమంటే
లోపలున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తుకునేవారు,
బరువు తగ్గుతుందన్నట్టు!
జీపుకి ఆ బాధ లేదు గానీ
జీపెక్కి పెళ్ళికెళితే నడుం పెళ్ళివారింట్లోనే ఉండిపోయేది.

అప్పుడొచ్చిందిది.
కడియంలో అంటు కట్టినట్టు
జీపు మొదలు మీద కారు కొమ్మ.
చేపల చెరువు కలిసొచ్చిన ఏడు
గుబ్బల సూర్యలింగంగారు కొన్నారు.
బిస్కెట్ల డబ్బాలాంటి బండి,
వెనక తలుపుకి చంకబిడ్డలా ఐదో చక్రం.
రెండు బళ్ళు పక్కపక్కన పెడితే
మధ్యలో ఒక సైకిలు, ఒక మనిషి, ఒక రొయ్యల బుట్ట.
ఆ లెక్కకే పసుపు గీత గీశాను.

తర్వాతది అదే పేరుతో వచ్చింది.
మూలలన్నీ నానిన సబ్బుబిళ్ళలా అరిగి,
చంకబిడ్డ పొట్ట కిందకి దూరి,
బెత్తెడు వెడల్పయి.
గీత బెత్తెడు జరిపాను. సైకిలు పోయింది.

మూడోది కళ్ళు చికిలించుకుని వచ్చింది
ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు.
తాళం తిప్పక్కర్లేదట.
ఐదో చక్రం అసలు లేదు,
జిగురు సీసా ఇచ్చి వెళ్ళిరమ్మన్నారట.
జానెడు జరిపాను ఈసారి.
ఇప్పుడు రెండు బళ్ళ మధ్య
నేనే ఊపిరి బిగబట్టి, అడ్డంగా నడవాలి.

మొన్న ఎర్రనీరు వచ్చిన రోజున
లింగంగారి కోడలు హైమ తెచ్చింది దాన్ని.
బల్ల అంచుదాకా వచ్చి ఆగిపోయింది.
ఆవిడ బ్రేకు తొక్కలేదు.
నీళ్ళు చూసి అదే తొక్కుకుంది.
లోపల ఒకటే కీకీలు, వెనక ఒకటే హారన్లు.
"బెదిరిందండి, అంతే" అన్నాను.
గేదె కొమ్ము పట్టుకున్నట్టు పక్క అద్దం పట్టుకోబోతే
నా చేతిలో ముడుచుకుపోయింది
అత్తిపత్తి ఆకులా.
ఆవిడ తెర మీద ఏదో వెతికి, నొక్కి, నిట్టూర్చింది.
అప్పుడెక్కింది, మెల్లగా.
కడుపు తగల్లేదు.
ఆ ఒక్క గుణం మాత్రం పోలేదు.

సూర్యలింగంగారి మొదటి బండి ఇంకా తిరుగుతోంది.
చేతులు మారి, రంగు మారి
రోజూ రెండో ట్రిప్పులో కోడిగుడ్లు మోస్తుంది.
పాత గీతల్ని నేను చెరపలేదు,
వంగి చూస్తే మూడూ కనిపిస్తాయి.
దాని డ్రైవరు నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు, వాడికివేవీ తెలియవు.
బండి మాత్రం వచ్చి
లోపలి గీత మీదే ఆగుతుంది.